తొమ్మిదో గడి

మా ఊరు ఐన్ సఫాలో ఆడపిల్లల బడి గోడకి సున్నం వేసే పని హస్సూనాది. మా పురపాలక కార్యాలయంలో రంగులేసేవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు గాని, ఆ గోడ జోలికి వాళ్ళని రానివ్వడు. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ ఆ గోడ మీద వరసగా గళ్ళు గీసి, గడికో అంకె వేయాలి. ఏ అభ్యర్థి బొమ్మ ఆ అభ్యర్థి గడిలోనే అంటించాలి. వేలెడు పక్కకి జరిగినా ఎన్నికల సంఘం వాళ్ళు ఫొటో తీసి పైకి పంపిస్తారు. దేశం మొత్తం మీద ఎవరి హద్దులో వాళ్ళున్న చోటు అదొక్కటేనని ఎదురుగా కాఫీ కొట్టు నడిపే తౌహామీ అంటుంటాడు.

ఈసారి దేశాధ్యక్షుడి ఎన్నికకి గళ్ళు మూడు వారాల కిందటే గీసేశాడు. తీరా పోలింగు ఇంకో వారం ఉందనగా ఆ ఏటి మొదటి వాన కుండపోతగా కురిసింది. సున్నం కరిగి కాలవలోకి పోయింది. దాంతోపాటే అభ్యర్థులందరూ జారి బురదలో బోర్లా పడ్డారు. ఊళ్ళో ఎవరూ వాళ్ళని ఎత్తలేదు. సోమవారం పొద్దున్నే హస్సూనా తొట్టెలో సున్నం కలిపి, గుప్పెడు ఉప్పు వేసి, పాత గుడ్డలో వడకట్టుకుని మళ్ళీ గోడ దగ్గరికొచ్చాడు.

వానకి గోడ లోపలి పొరలు బయటపడ్డాయి. పైన కనిపించే నల్ల గీతలు పోయినసారివి. వాటి సందుల్లోంచి ఎర్ర గీతలు, అవి అంతకు ముందువి. బాగా అడుగున, ఒక్క జానెడు మేర, నీలం గీత. అది మొదటిసారిది. హస్సూనా కుంచె పక్కన పెట్టి ఆ నీలం మీద వేలు రాశాడు. పొడి వేలికంటుకుంది. ఆ ఏడాది అభ్యర్థులు ఎంతమందంటే బడి గోడ చాలక మూల తిరిగి నూనె గానుగ గోడ మీదకి కూడా గళ్ళు పోయాయి. ఒక్కో గడి ముందు జనం గుమిగూడి, చదవడం వచ్చినవాళ్ళు రానివాళ్ళకి చదివి వినిపించి, ఒకళ్ళతో ఒకళ్ళు దెబ్బలాడుకుని, మళ్ళీ ఒకే కొట్లో కాఫీ తాగేవాళ్ళు. అంతకు ముందు ఎన్నో ఏళ్ళు ఆ గోడ మీద ఒకే ముఖం ఉండేది మరి. ఎంచుకోవడం అనేదే మాకు పండగైపోయింది.

అతను సున్నం ఒక చేయి వేసి, ఆరాక దారానికి నీలిమందు పూసి రెండు చివర్లా మేకులకి బిగించి, మధ్యలో పట్టి లాగి వదిలాడు. టప్పుమని గోడ మీద తిన్నగా గీత పడింది. తర్వాతి గీతలకి కొలబద్ద తీసుకోలేదు. కింద పొరల్లోంచి పాత గళ్ళ జాడ కనిపిస్తూనే ఉంది. చెయ్యి ఆ జాడ పట్టుకుని పోయింది, మనసేమో నూనె గానుగ మూల తిరిగి అవతల వరసలో నిలబడి ఉంది. ఆలివ్ నూనె డబ్బా రేకులో కత్తిరించిన అంకెలు ఒక్కొక్కటీ గోడకి ఆనించి నల్లరంగు అద్దుకుంటూ వెళ్ళాడు.

మధ్యాహ్నం ఎన్నికల సంఘం కుర్రాళ్ళు కొత్త బొమ్మలు తెచ్చి, చకచకా అంటించి, కారెక్కి పక్క ఊరికి పోయారు. హస్సూనా కుంచెలు కడుక్కుంటుంటే తౌహామీ చేతిలో టీ గ్లాసుతో కొట్టు గుమ్మంలోకొచ్చి గోడకేసి కళ్ళు చికిలించి చూశాడు.

"ఒరేయ్ హస్సూనా, ఈ తొమ్మిదో ఆయన ఎవర్రా?"

"తొమ్మిదేంటి? ఎనిమిది మందే."

"మరి ఆ చివర?"

హస్సూనా తల తిప్పి చూశాడు. ఎనిమిది గళ్ళలో ఎనిమిది ముఖాలు నవ్వుతున్నాయి. వాటి పక్కన, అంతే తిన్నగా, అంతే నున్నగా ఇంకో గడి. పైన తొమ్మిది అంకె. లోపల ఖాళీ. తలమీద కొట్టుకుని తొట్టెలోకి చూస్తే సున్నం అడుగంటింది.

"రేపు కొట్టేస్తాలే," అన్నాడు.

"కొట్టేయడం దేనికిరా? ఉన్నవాళ్ళలో చూడ్డానికి బాగున్నవాడు అతనొక్కడే," అన్నాడు తౌహామీ.

రేపటికి కార్యాలయం గోదాములో సున్నం లేదు. ఎల్లుండి తాళాలున్న మనిషి లేడు. మా కార్యాలయం సంగతి తెలిసిందే. ఈలోపల తొమ్మిదో నంబరు ప్రచారం మొదలైపోయింది.

నిజం చెప్పాలంటే ఆ వారం మాకు మాట్లాడుకోవడానికి ఇంకేమీ లేదు. మొదటిసారి ఎవరికి వేయాలో తేల్చుకోలేక నిద్ర పట్టని ఊరు, ఈసారి ఎవరికి వేయకూడదో తెలిసి కూడా ఏమీ చేయలేని ఊరు. కొట్లో బల్లల దగ్గర ఒకటే వేళాకోళం.

"ఒకటో నంబరు మా ఊరికి రైలు తెస్తానన్నాడు," అన్నాడు తౌహామీ, చక్కెర డబ్బాలో చెంచా తిప్పుతూ. "పోయినసారీ అదే రైలు. పాపం ఎక్కడో ఆగిపోయుంటది."

"మూడోవాడు అయిదోవాణ్ణి దొంగన్నాడు విన్నావా?" అన్నాడు బల్ల మీంచి ఒకాయన.

"అయిదోవాడు కూడా మూడోవాణ్ణి దొంగన్నాడుగా. నేను ఇద్దర్నీ నమ్ముతున్నా."

"మరి నీ ఓటు?"

"తొమ్మిదికే. ఇంతవరకూ ఒక్క అబద్ధమాడలేదు. టీవీలోకొచ్చి అరవలేదు. నిన్నటి పార్టీ ఏదో, ఇవాళ్టి పార్టీ ఏదో అడగాల్సిన పనే లేదు."

ఈ మాటలు కాఫీ కొట్టు దాటి రొట్టెల పొయ్యి దగ్గరికి వెళ్ళాయి. ఆడవాళ్ళు పిండి పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడే చోట ఏ మాటైనా ఇంకాస్త ఉబ్బుతుంది. అక్కణ్ణించి హస్సూనా పక్కింటి జుబేదా వేడి రొట్టెలతోపాటు వాటిని హస్సూనా వాళ్ళమ్మ మన్నూబియా దగ్గరికి తీసుకొచ్చింది.

మన్నూబియాకి ఎనభై నాలుగేళ్ళు. కళ్ళల్లో పొర కమ్మి దూరంవి ఆనవు, దగ్గరవి మాత్రం ఎలాగో చూసుకుంటుంది. రెండేళ్ళుగా ఆస్పత్రికి తప్ప గడప దాటలేదు. కాళ్ళకేమీ రాలేదు. బయటికెళ్ళాలన్న కోరికే పోయింది. పోయిన ఎన్నికకి హస్సూనా రమ్మని బతిమాలితే, "ఆ ముఖాల కోసమా?" అని గోడవైపు తిరిగి పడుకుంది.

బుధవారం సాయంత్రం అతను పని నుంచి వచ్చి చేతులు కడుక్కుంటుంటే పరుపు మీంచి పిలిచింది.

"ఒరేయ్, తొమ్మిదో నంబరాయన ఎవరి కొడుకురా?"

హస్సూనా తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఎందుకమ్మా?"

"జుబేదా చెప్పింది. ఎవర్నీ తిట్టడంట. ఏదీ ఇస్తాననడంట. ఊళ్ళో ఆయన్ని తప్పుపట్టినవాళ్ళే లేరంట. ఇంత వయసొచ్చింది, అలాంటి మనిషి నిలబడ్డాడని నేనెప్పుడూ వినలేదు."

పొయ్యి దగ్గర ఉన్న అతని భార్య రబ్హా ఫక్కున నవ్వబోయి తలగుడ్డ కొస నోట్లో కుక్కుకుంది.

"ఆయన..." అన్నాడు హస్సూనా.

"పోనీలే, మంచివాడైతే చాలు. నా సఫ్సారి ఎక్కడుందో రబ్హాని తీయమను. ఆదివారం నేనొస్తా."

సఫ్సారి అంటే మా పెద్ద ఆడవాళ్ళు తల మీంచి కాళ్ళదాకా చుట్టుకునే తెల్లటి దుప్పటి. రెండేళ్ళుగా పెట్టె అడుగునే ఉంది. రబ్హా అది తీస్తుంటే మడతల్లోంచి ఒక జేబురుమాలు జారింది. దాని మూల నీలంగా మరక. మొదటిసారి ఓటేసొచ్చి, వేలికి పెట్టిన సిరా ఆరకముందే మన్నూబియా దానికి తుడుచుకుని దాచుకుంది. నాలుగు రోజులకి వేలిది ఎలాగూ పోతుంది, ఇదైనా ఉంటుందని.

ఆ రోజు హస్సూనాకి నిన్న జరిగినట్టుంది. అంతకు ముందు చలికాలమంతా వాళ్ళమ్మ బడిలో జలీలా టీచరమ్మ పెట్టిన సాయంత్రం తరగతికి వెళ్ళింది. చదువుకోవాలని కాదు. ఓటర్ల పుస్తకంలో వేలిముద్ర వేయనని, పేరు రాస్తానని పంతం. మూడు నెలలు కూర్చుని ఒకే ఒక్క మాట నేర్చుకుంది, తన పేరు. జలీలా టీచరమ్మకి మా అక్షరాలకి పైనా కిందా పెట్టే చుక్కల్ని చిన్న సున్నాల్లా చుట్టే అలవాటు. మన్నూబియా కూడా అలాగే చుట్టేది, నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి. పోలింగు రోజు వరస బడి గేటు దాటి, గానుగ దాటి, ఆస్పత్రి దాకా ఉంది. అయిదు గంటలు నిలబడింది. హస్సూనా కుర్చీ తెస్తే కూర్చోలేదు, కూర్చుంటే వరస జరిగినప్పుడు తన చోటు పోతుందని. ముందున్నావిడ రొట్టె విరిచిచ్చింది, వెనకున్నావిడ ఖర్జూరాలిచ్చింది. బయటికొచ్చి వేలెత్తి చూపించినప్పుడు అమ్మ ముఖం ఎలా ఉందో హస్సూనా ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. ఆ ముఖం ఇంకొక్కసారి చూడాలని ఎంత ఉందో, ఖాళీ గడి కోసం దాన్ని చూడాల్సి రావడం అంత సిగ్గుగా ఉంది.

"చెప్పెయ్యి," అంది రబ్హా, వాకిట్లోకి తీసుకెళ్ళి. "అక్కడికెళ్ళి తొమ్మిదో నంబరేదని అడిగిందనుకో, అందరూ నవ్వుతారు. ఎనభై నాలుగేళ్ళ మనిషి."

"చెప్తే మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటుంది."

"నవ్వులపాలు కావడం కన్నా నయం కాదూ?"

మర్నాడు రబ్హా సఫ్సారి ఉతికి దండెం మీద ఆరేసింది. అది చూస్తూ మన్నూబియా వాకిట్లో ఎండలో కూర్చుంది. రెండేళ్ళలో తనంతట తాను వాకిట్లోకి రావడం అదే మొదలు. ఇంక అతనేం చెప్తాడు!

గురువారం ఎన్నికల సంఘం అధికారి రియాద్ కారు బడి ముందాగింది. ముప్ఫై ఏళ్ళు దాటని మనిషి, ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు. గోడ చూసి అలాగే నిలబడిపోయాడు. అప్పటికి తొమ్మిదో గడి ఖాళీగా లేదు. ఎవరో జలీలా టీచరమ్మ ఫొటో అంటించారు. ఆవిడ పోయి ఏడేళ్ళయింది. దాని పక్కన, వరదలొచ్చిన ఏడాది బస్సు ఆపకుండా మూడు ట్రిప్పులు కొట్టి మనుషుల్ని దాటించిన డ్రైవరు ఫొటో. కింద పిల్లలెవరో గీసిన గాడిద బొమ్మ, పక్కన 'ఇది కనీసం పని చేస్తుంది' అని రాత.

"ఏంటి బాబాయ్ ఇది?" అన్నాడు రియాద్.

"పొరపాటు సార్. పాత గీతల మీద చెయ్యి పోయింది."

"మీకిది పొరపాటు. పైనవాళ్ళకిది ఎన్నికని వెక్కిరించడం. నేను రిపోర్టు రాస్తే మీరెక్కడుంటారో నేనెక్కడుంటానో తెలుసా?"

"రాయండి సార్, రాయండి," అన్నాడు తౌహామీ గుమ్మంలోంచి. "ప్రచారం మాత్రం శాంతియుతంగా జరిగిందని కూడా రాయండి."

రియాద్ అతనికేసి చూడలేదు. గొంతు తగ్గించి, "బాబాయ్, నేను కూడా ఈ పక్క ఊరివాణ్ణే. నాకు మాత్రం వీళ్ళని చూస్తే ఏమన్నా ముచ్చటగా ఉందా? ఆదివారానికి ఇది కనిపించకూడదు. సున్నం నేనే పంపిస్తా," అన్నాడు.

సున్నం శనివారం పొద్దున వచ్చింది. అప్పటికి ప్రచారం ముగిసి ఊరు చప్పబడింది. హస్సూనా ముందు ఫొటోల మూలలు గోటితో లేపి, చిరగకుండా ఊడదీసి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కుంచె ముంచాడు. తడి సున్నం నీళ్ళలా ఉంటుంది, వేసినప్పుడు ఏమీ దాచదు. ఆరుతున్నకొద్దీ తెల్లబడుతుంది. ఒక చేయి వేశాక కూడా గీతలూ అంకే అలాగే ఉన్నాయి. రెండో చేయి వేసి, మెట్టు మీద కూర్చుని, తొమ్మిది మెల్లగా మాయమవడం చూస్తూ ఉండిపోయాడు. గడి గీసిందీ తనే, చెరిపిందీ తనే, అయినా ఎవరిదో సొమ్ము ఎత్తుకుపోతున్నట్టు అనిపించింది.

ఇంటికెళ్ళేసరికి మన్నూబియా గుమ్మంలో నిలబడి ఉంది, జుబేదా భుజం పట్టుకుని.

"నన్నొకసారి గోడ దగ్గరికి తీసుకెళ్ళరా. ఓటేసే ముందు ఆయన ముఖం చూడొద్దూ?"

"రేపెలాగూ వెళ్తాం కదమ్మా."

"రేపు జనం ఉంటారు. ముందు నిలబడనివ్వరు."

జనం ఉంటారనే అనుకుంటోంది. చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించాడు. కాఫీ కొట్టు దగ్గర తౌహామీ లేచి నిలబడి, "పిన్నీ! ఎన్నాళ్ళకెన్నాళ్ళకి!" అని కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చోలేదు. గోడ వెంబడి చెయ్యి రాస్తూ నడిచింది. ప్రతి బొమ్మ దగ్గరా ఆగి, ముఖం ఆనించినంత దగ్గరికెళ్ళి చూసి, పెదవి విరిచి ముందుకెళ్ళింది.

"వీడా? వీడింకా ఉన్నాడా... ఈయన పళ్ళు బాగున్నాయి, అంతే."

ఎనిమిది దాటాక అరచెయ్యి ఇంకా పూర్తిగా ఆరని సున్నం మీద పడింది. అక్కడే ఆగింది. హస్సూనా ఇక తట్టుకోలేకపోయాడు.

"అమ్మా, తొమ్మిదో ఆయనంటూ ఎవరూ లేరు. గళ్ళు గీసేటప్పుడు నేనే ఒకటి ఎక్కువ గీశాను. అందరూ వేళాకోళానికి అన్నారు. నేను ముందే చెప్పాల్సింది. నిన్ను చూస్తే నోరు రాలేదు."

మన్నూబియా చెయ్యి తీయలేదు. హస్సూనా ఆవిడ ముఖంలోకి చూశాడు గాని, ఆ మసక కళ్ళల్లో ఏముందో తెలియలేదు.

"సున్నం పల్చగా కలిపావు," అంది చివరికి. "గీత చేతికి తగులుతోంది."

చెయ్యి సఫ్సారికి అంటకుండా అతని చొక్కాకి తుడిచింది.

"పొద్దున నువ్వు పనికెళ్ళే ముందు లేపు. మర్చిపోకు."

ఆదివారం ఎనిమిదిన్నరకి బడి ఆవరణలో గేటు దగ్గర ఆవులించే పోలీసు ఒకడు, నీడలో పడుకున్న పిల్లి ఒకటి, అంతే. మధ్య తరగతి గది తలుపు తెరిచి ఉంది. లోపల పోలింగు అధికారి మునీరా, ఆ బళ్ళోనే టీచరు, తన ముందున్న పేర్ల పుస్తకం మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. హస్సూనాకి ఆ రోజు అక్కడే డ్యూటీ, కిటికీలు తెరవడం, బల్లలు సర్దడం.

మన్నూబియా జుబేదా చెయ్యి పట్టుకుని గేటు లోపలికొచ్చి ఆగింది.

"వరసేదీ?"

"వరస లేదమ్మా. నేరుగా వెళ్ళిపోవచ్చు."

"నేరుగానా? ఇదేమన్నా చుట్టాలిల్లా? నా ముందు ఎవరూ లేకపోతే నేను ఏ చోటులో నిలబడ్డట్టు?"

"పిన్నీ, రండి," అని మునీరా లోపలినుంచి పిలిచింది.

"వస్తానమ్మా, నా వంతు రానీ," అని మన్నూబియా ఆవరణ మధ్యలో, ఒకప్పుడు వరస నిలబడిన చోట, తెల్లటి సఫ్సారి చుట్టుకుని ఒక్కతే నిలబడింది. పోలీసు కుర్చీ తెచ్చాడు. వద్దంది. పావుగంట గడిచింది. ఎండ కాళ్ళ మీదకొచ్చింది. హస్సూనా తనే వెళ్ళి ముందు నిలబడబోతే, "నువ్వు పనిలో ఉన్నావు, లెక్కలోకి రావు," అని కసిరింది.

జుబేదా ఇది చూసి చూసి, "నీ పంతం పాడుగాను!" అని గేటు బయటికి పరిగెత్తింది. రొట్టెల పొయ్యి దగ్గర ఏం చెప్పిందో ఏమో, కాసేపటికి ఆడవాళ్ళు ఒకళ్ళొకళ్ళే రావడం మొదలెట్టారు, చేతులకి పిండితో, కొందరు పళ్ళేలతోనే. ఓటేసేది లేదని వారమంతా ఒట్టు పెట్టుకున్నవాళ్ళే. ఆవిడ ముందు నలుగురు, వెనక ఏడుగురు. ఎవరో రొట్టె విరిచి మన్నూబియా చేతిలో పెట్టారు. ఆవిడ దాన్ని మళ్ళీ విరిచి వెనక్కిచ్చింది.

"ఎవరికేస్తావు పిన్నీ?" అని వెనకావిడ చెవిలో అడిగింది.

"అది చెప్పకూడదు. చెప్తే పోతుంది."

వంతు వచ్చినప్పుడు పుస్తకంలో పేరు రాసింది. ఎంతసేపు పట్టినా మునీరా తొందరపెట్టలేదు. కాగితం తీసుకుని అట్టపెట్టె తెర వెనక్కి వెళ్ళింది. వెళ్ళి ఇక రాదే! హస్సూనా కిటికీ పట్టుకుని అరికాళ్ళ మీద బరువు మార్చుకుంటూ నిలబడ్డాడు. ఇప్పుడు అడుగుతుంది, తొమ్మిదేదీ అని. ఇప్పుడు ఎవరో నవ్వుతారు. ఎవరూ నవ్వలేదు. తెర కింద రెండు పాత చెప్పులు కదలకుండా ఉన్నాయి. చివరికి బయటికొచ్చి, కాగితం పెట్టెలో వేసి, గుమ్మంలో నిలబడి నీలం వేలెత్తింది. అతను చూడాలనుకున్న ముఖం అదే. పళ్ళు కొన్ని తగ్గాయి, అంతే.

సాయంత్రం ఆరింటికి తలుపులు మూసి లెక్క మొదలెట్టారు. పుస్తకంలో ఆరువందల పేర్లకి నూటపదకొండు కాగితాలు పడ్డాయి. మునీరా ఒక్కొక్కటీ విప్పి, అందరికీ కనిపించేలా ఎత్తి, అంకె చదువుతోంది. రియాద్ పక్కన నిలబడి చూస్తున్నాడు. కిటికీ అవతల తౌహామీ, ఇంకొందరూ ఊచలు పట్టుకుని నిలబడ్డారు. హస్సూనా దీపాల స్విచ్చు దగ్గర ఉన్నాడు.

"ఒకటి... ఆరు... ఒకటి... చెల్లదు."

చెల్లని కాగితం కూడా ఎత్తి చూపించింది. ఎనిమిదో పేరు కింద పెన్నుతో ఒక గడి గీసి ఉంది, లోపల ఏమీ లేదు. కిటికీ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకో పది కాగితాలు పోయాక అలాంటిదే ఇంకొకటి. తర్వాత మరొకటి. నాలుగోది వచ్చేసరికి నవ్వులాగిపోయాయి. రియాద్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. గోడ మీద చెరిపేసిన గడి ఒక్కొక్క కాగితం మీదా లేచొస్తోంది. కొన్ని పిండి వేళ్ళ మరకలతో.

అలాంటివాటిలో పదిహేడోదాన్ని విప్పి మునీరా చదవకుండా ఆగింది.

"ఏంటి?" అని రియాద్ వంగాడు. "లోపల ఏదో పేరుంది. మన్... నూ... బియా. ఎవరీ మన్నూబియా? ఈ పేరుతో అభ్యర్థి లేరే?"

కిటికీ దగ్గర తౌహామీ పెద్దగా నవ్వబోయాడు. హస్సూనా ముఖం చూసి నోరు మూసుకున్నాడు.

మునీరా కాగితం ఎత్తి పట్టుకుంది. వంకర గడి, అందులో అంచుల్ని ఒరుసుకుంటూ ఒకే ఒక్క మాట, చుక్కలన్నీ చిన్న సున్నాల్లా చుట్టి. ఆ గదిలోనే, ఆ నల్లబల్ల ముందే నేర్చుకున్న రాత. మునీరా కూడా జలీలా టీచరమ్మ దగ్గర చదివిన పిల్లే. ఆవిడ కూడా చుక్కల్ని అలాగే చుడుతుంది. దీపం వెలుగులో ఆ కాగితాన్ని అవసరమైనదానికంటే ఎక్కువసేపు పట్టుకుంది.

"చెల్లదు," అంది మెల్లగా. మడతలు అరచేత్తో సాపు చేసి, చెల్లనివాటి దొంతర మీద పెట్టింది.

హస్సూనా గోడవైపు తిరిగి స్విచ్చు సరిచేస్తున్నట్టు నిలబడ్డాడు. చెల్లదన్న ఆ కాగితం మీది గడిలాంటిది తన చేతుల్తో ఈ ముప్ఫై ఏళ్ళలో ఒక్కటీ గీయలేదనిపించింది.

ఇంటికెళ్ళేసరికి రబ్హా కంచాలు సర్దుతోంది. మన్నూబియా పరుపు మీద కూర్చుని, సఫ్సారి మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది. పైన పాత జేబురుమాలు పరిచి ఉంది. పాత నీలం మరక పక్కన కొత్తది, ఇంకా చిక్కగా.

"ఎవరు గెలిచారు?" అంది.

"ఇక్కడ ఒకటో నంబరుకి ఎక్కువొచ్చాయి. మిగతా చోట్లవి తెలియాలి."

"రైలాయన. ఊఁ." కాసేపు జేబురుమాలు అంచులు సర్దింది. "మరి తొమ్మిదికి?"

హస్సూనా పక్కన కూర్చున్నాడు. జేబులోంచి జలీలా టీచరమ్మ ఫొటో తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

"ఇరవై రెండు మంది గడి గీశారమ్మా. లోపల పేరు రాసింది మాత్రం ఒక్కరే."

"ఎవరి పేరో చూశావా?"

"దూరంగా ఉన్నాను. కనిపించలేదు."

మన్నూబియా ఫొటోని కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూసింది. నాలుగు రోజులుగా 'ఆయన, ఆయన' అన్న మనిషి ఇప్పుడు ఆ మాటనలేదు.

"పోనీలే," అంది. "మొదటిసారి నిలబడింది కదా. మొదటిసారికి ఒక్కటంటే తక్కువేం కాదు."